28 సాయంత్రమే బయల్దేరాలి, పాపా

చిరంజీవి పాపకు తాత దీవెనలు.

శాన్ ఫ్రాన్సిస్కోలో నీకు సీటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినాడు. అవ్వ ఆ సాయంత్రమే గోవిందరాజస్వామి గుడికి పోయొచ్చింది. నేను మాత్రం నువ్వు పంపిన టిక్కెట్టు ప్రింటు తీయించుకుని కూర్చున్నా. బస్టాండులో కంట్రోలరుగా బతుకంతా టైములు రాసినోణ్ణి, ఊరుకోలేను.

చెన్నైలో 29 తెల్లవారుజామున 4కి ఎక్కితే, అదే 29 మధ్యాహ్నం 12.45కి దిగుతావని ఉంది. "తొమ్మిది గంటలేనా!" అని అవ్వ సంబరపడింది. టిక్కెట్టులో ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. చలికాలంలో వాళ్లు మనకంటే పదమూడున్నర గంటలు వెనక. అదీ కలిపితే ఇరవై రెండుంపావు. దుబాయ్‌కి సుమారు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. అక్కడ రెండు గంటలు ఆగాలి. ఆపైన 13,000 కిలోమీటర్లు, పదహారు గంటలు, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా. భూమి గుండ్రం కాబట్టి దగ్గరి దారి అదే. గంటకోసారి లేచి నాలుగడుగులు నడువు, కాళ్లు వాస్తాయి.

అసలు సంగతి ఇది. మీ చిన్నతాత మొదటిసారి కువైట్ పోయిన కథ నీకెవరూ చెప్పుండరు, ఆయన చెప్పనివ్వడు. టిక్కెట్టులో 17వ తేదీ, 00.40 అని ఉంది. ఏజెంటు "17న ఫ్లైటు" అన్నాడు, అంతే. 17 పొద్దున కొండ మీద తలనీలాలిచ్చినాడు. సాయంత్రం వ్యాన్ మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ ఎక్కినాం. పుత్తూరులో టీ, తిరుత్తణిలో మళ్లీ టీ. మీనంబాక్కంలో, అదే చెన్నై ఎయిర్‌పోర్టులో, లోపలికి పోయినోడు కాసేపటికే ట్రాలీ తోసుకుంటూ వెనక్కొచ్చినాడు. కౌంటర్లో తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చినారు. 16 రాత్రి పన్నెండు దాటితే 17 కదా, విమానం ముందురోజు రాత్రే ఎగిరిపోయింది. గంధం పూసిన గుండు పట్టుకుని ట్రాలీ మీదే కూలబడినాడు. కొత్త టిక్కెట్టుకు మా మరదలి గాజులు కుదువకు పోయినాయి.

అందుకే చెప్తున్నా, నువ్వు ఇల్లు వదలాల్సింది 28 సాయంత్రం ఏడింటికి. ఎయిర్‌పోర్టుకు మూడున్నర గంటల దారి. పూందమల్లి దగ్గర ట్రాఫిక్కు ఒకటి, డిసెంబరు వాన ఇంకొకటి. 2015లో వరదకు ఆ ఎయిర్‌పోర్టు రోజుల తరబడి మూసేసినారు, 2023 డిసెంబరులో తుపానుకు మళ్లీ మూసినారు. ముందే చేరితే అక్కడ కూర్చుని నన్ను తిట్టుకో, పర్లేదు.

రేణిగుంటలోనే విమానమెక్కి హైదరాబాద్ మీదుగా పొమ్మని మీ మామ అంటున్నాడంట. ఆ టిక్కెట్టు విడిగా కొంటే, మొదటిది లేటైనప్పుడు రెండోవాళ్లకు పూచీ ఉండదు. వద్దు.

పాస్‌పోర్టు, కాలేజీవాళ్లిచ్చిన ఐ-20 కాయితం చేతిసంచిలో. ఆవకాయ పెద్ద పెట్టెలో. పవర్ బ్యాంకు ఆ పెట్టెలో పెట్టొద్దు.

దుబాయ్‌లో దిగగానే మెసేజ్ పెట్టు, మాకప్పుడు ఎనిమిది దాటుతుంది. ఆ పదహారు గంటలు అవ్వను నేను చూసుకుంటా, ఏడవొద్దని నువ్వే ఒక మాట చెప్పి పో. కార్లో నాకు ముందు సీటు ఉంచు. మీ నాన్న వద్దంటాడు, వినొద్దు.

మీ తాత