ఫాంటసీ టర్న్-బేస్డ్ సామ్రాజ్య నిర్మాణ గేముల్లో అసలు ఆనందం ఎక్కడుంది?

చేతిలో ఉన్న కొద్దిపాటి వనరులను ప్రతి టర్న్‌లోనూ (తన వంతు వచ్చిన ప్రతిసారీ) దేనికి వెచ్చించాలో తేల్చుకోవలసి రావడం, ఆ నిర్ణయ ఫలితం కొన్ని టర్న్‌ల తరువాత కంటికి కనిపించడం, ఈ రెండే ఆ ఆనందానికి మూలం. ఆటగాడు ఎత్తు వేసేదాకా గేము ఆగి ఉంటుంది కనుక వేళ్ల వేగంతో పని లేదు. పైగా ఒక నగరంలో కట్టడం పూర్తయ్యేలోగా మరొకచోట సైన్యం సరిహద్దు చేరుతుంది, ఇంకెక్కడో మంత్రం సిద్ధమవుతూ ఉంటుంది, అందుకే అమీర్‌పేట హాస్టల్ గదిలో "ఇంకొక్క టర్న్" అంటూ కూర్చున్నవారికి తెల్లవారిపోతుంది.

1994లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ మ్యాజిక్' అనే ఇలాంటి గేములో మాంత్రికుడి పాత్రలో ఉన్న ఆటగాడు తనకు సమకూరే శక్తిని, మంత్రాలు వేసినప్పుడు ఖర్చయ్యే మానా నిల్వకు, కొత్త మంత్రాల పరిశోధనకు, ప్రయోగ నైపుణ్యానికి పంచుకోవాలి. అంతా పరిశోధనకే ధారపోస్తే గొప్ప మంత్రాలు త్వరగా చేతికొస్తాయి గానీ, శత్రువు గుమ్మం ముందుకొచ్చిన నాడు వాటిని ప్రయోగించడానికి మానా మిగలదు (నెల మొదట్లోనే జీతమంతా ఖర్చుపెట్టినట్టే).

జాతులు, మంత్రాలు ఎన్ని ఎక్కువుంటే గేము అంత బాగుంటుందన్నది చాలామందికి ఉన్న అపోహ. పేరూ బలమూ మాత్రమే మారే పది జాతుల కంటే, ఆడే తీరునే మార్చివేసే ఒక్క జాతి మేలు. అదే గేములో లిజర్డ్‌మెన్ (బల్లి మనుషులు) జాతి సైనికులు ఓడలు లేకుండానే సముద్రం దాటేస్తారు, దానితో తీరరక్షణ లెక్కలన్నీ తారుమారవుతాయి.