గేట్లు ఎత్తారట, మన రేవుకు నీళ్లెప్పుడు?

గాలం పట్టేవారి ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: కృష్ణ మీది పులిచింతల డ్యాం నుంచి 50 వేల క్యూసెక్కులు వదిలారని పొద్దున 7 గంటల వార్తల్లో చెప్పారు. సాయంత్రం మా రేవులో గాలం వేయొచ్చా? నీళ్లు ఎప్పటికి వస్తాయి, ఎంత పెరుగుతాయి?
— చందర్లపాడు పాఠకుడు

జ: ముందుగా చూడాల్సింది నిన్నటి అంకె అండీ. నిన్న 48 వేలు వదులుతూ ఉంటే ఇవాళ్టి 50 వేలు మీకు తెలియను కూడా తెలియవు. నిన్న 10 వేలే ఉంటే మాత్రం సాయంత్రానికి మీరు కూర్చునే చోటు నీళ్లలో ఉంటుంది. వార్తల్లో చెప్పేది ఎంత వదులుతున్నారన్నది. గాలం వేసేవాడికి కావాల్సింది ఎంత మారిందన్నది.

ఇక సమయం. పులిచింతలకూ ప్రకాశం బ్యారేజీకీ మధ్య నది పొడవు దాదాపు 85 కిలోమీటర్లు. మీ రేవు డ్యాం నుంచి 40 కిలోమీటర్ల దగ్గర అనుకుందాం. నది ఓ మోస్తరుగా పారుతుంటే వరద గంటకు ఐదు నుంచి ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. అంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు. నది ఎండి ఇసుక తేలి ఉంటే మొదటి నీళ్లు గుంటలు నింపుకుంటూ, ఇసుకలో ఇంకుతూ రావాలి కాబట్టి ఇంకో మూడు నాలుగు గంటలు కలుపుకోండి. ఇంకో తిరకాసు ఉంది: వార్త 7 గంటలకు విన్నారంటే గేటు 7కే ఎత్తారని కాదు, తెల్లవారుజామున 3కే ఎత్తి ఉండొచ్చు. అందుకే లెక్కకు తక్కువ సమయాన్నే పట్టుకోవాలి.

ఎంత పెరుగుతుందన్నది నది వెడల్పును బట్టి. క్యూసెక్కుల్ని (సెకనుకు పారే ఘనపు అడుగుల్ని) నీటి వెడల్పుతోనూ వేగంతోనూ భాగిస్తే సగటు లోతు వస్తుంది. 10 వేల క్యూసెక్కులు 1,500 అడుగుల వెడల్పున, సెకనుకు 2 అడుగుల వేగంతో పారితే లోతు 3.3 అడుగులు. 50 వేలు వచ్చేసరికి వెడల్పు 2,000 అడుగులకు, వేగం 3 అడుగులకు పెరిగిందనుకుంటే లోతు 8.3. నీళ్లు ఐదింతలయ్యాయి, మట్టం పెరిగింది ఐదు అడుగులు. అదే నది రెండు గుట్టల మధ్య ఇరుకుగా ఉన్నచోట వెడల్పు పెరగడానికి వీలుండదు కాబట్టి ఇంకా ఎక్కువ లేస్తుంది.

ఈ లెక్కలన్నిటికన్నా నమ్మకమైనది ఓ వెదురు కర్ర. అంగుళానికో గీత, అడుగుకో ఎర్ర రంగు పట్టీ వేసి, ఒడ్డున నీళ్లు నిలకడగా ఉన్న మూలలో పాతండి. పరుగు మీదున్న నీళ్లలో పాతితే కర్రకు తగిలి నీళ్లు ఎగదన్ని, రెండు మూడు అంగుళాలు ఎక్కువ చూపిస్తుంది. వెళ్లినప్పుడల్లా తేదీ, గంట, కర్ర మీది మట్టం, ఆ రోజు డ్యాం వదిలిన నీళ్లు నోటుపుస్తకంలో రాసుకోండి. పదిసార్లు రాసేసరికి మీ రేవు లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఒక్కటి మాత్రం ఈ లెక్కలోకి రాదు. వైరా, కట్టలేరు నీళ్లు కలుపుకుని వచ్చే మున్నేరు పులిచింతలకు దిగువన కృష్ణలో కలుస్తుంది. ఖమ్మం వైపు కుండపోత పడితే, డ్యాం గేట్లన్నీ దించి ఉన్నా మీ దగ్గర నది లేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పై డ్యాంల నీళ్లతో పాటు ఈ ఉపనదుల నీళ్లూ ఉన్నాయి.

ప్ర: వాన లేదు, గేట్లు ఎత్తలేదు. అయినా పొద్దున ఉన్న రాయి సాయంత్రానికి మునుగుతోంది. ఎందుకు?
— ముక్త్యాల పాఠకుడు

జ: కరెంటు. పులిచింతల విద్యుత్ కేంద్రంలో 30 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. ఒక్కో యూనిట్ తిరిగితే నాలుగైదు వేల క్యూసెక్కులు కిందికి వస్తాయనుకోవచ్చు. కరెంటు వాడకం పెరిగే పొద్దున, సాయంత్రం వేళల్లో యూనిట్లు నడిపి, తర్వాత ఆపేస్తుంటారు. గేట్లు ఎత్తితే వార్త అవుతుంది, యూనిట్ నడిపితే కాదు. మీరు డ్యాంకు దగ్గర కాబట్టి తేడా గంటలోపే తెలుస్తుంది. దిగువకు పోయేకొద్దీ ఆ పొంగు సాగిపోయి, రెండడుగులు కాస్తా అరడుగు అవుతుంది.

నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది కర్ర లేకుండానే ఒడ్డు రాయి చెబుతుంది. నీటి అంచుకు పైన రాయి నాలుగు వేళ్ల మేర తడిగా ఉంటే తగ్గుతోంది. అంచు దాకా పొడిగా, దుమ్ముగా ఉండి, చీమలు పైకి పాకుతూ, ఎండుటాకులు, పుల్లలు తేలి వస్తుంటే పెరుగుతోంది.

ప్ర: క్యూసెక్కు, టీఎంసీ — తేడా ఏమిటి?
— నల్లగొండ పాఠకురాలు

జ: క్యూసెక్కు పారే నీటికి కొలత: సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే 28.3 లీటర్లు. టీఎంసీ నిలవకు కొలత: వంద కోట్ల ఘనపు అడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఇది గుర్తుంటే ఎగువ వరద మీ దాకా వస్తుందో రాదో మీరే లెక్క వేసుకోవచ్చు. నాగార్జునసాగర్ 510 అడుగుల దగ్గర ఉందనుకోండి, 590 అడుగులకు నిండడానికి 180 టీఎంసీలు కావాలి. పైనుంచి రోజూ 2 లక్షల క్యూసెక్కులు వచ్చినా చేరేది రోజుకు 17 టీఎంసీల పైచిలుకు. పది రోజులు దాటితే గాని గేట్ల ఊసు రాదు. 585 దగ్గర ఉంటే మాత్రం అదే వరదకు ఒకటి రెండు రోజుల్లో గేట్లు లేస్తాయి.

ప్ర: వరద నీళ్లలో చేప పడదంటారు కొందరు, అప్పుడే బాగా పడుతుందంటారు ఇంకొందరు. ఏది నిజం?
— ఖమ్మం పాఠకుడు

జ: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు గంటల గురించి.

నీళ్లు నెమ్మదిగా లేస్తూ, ఇంకా మరీ మట్టి రంగు పట్టని మొదటి రెండు మూడు గంటలు చాలా మంచివి. పొంగు నీళ్లకన్నా ముందు నడుస్తుంది. పై నీళ్లు కింది నీళ్లను తోస్తాయి కాబట్టి మట్టం ముందు పెరిగి, ఎర్రనీళ్లు తర్వాత వస్తాయి. కొత్తగా మునిగిన గడ్డిలోంచి పురుగులు, వానపాములు కొట్టుకొస్తాయి. జెల్లలు, వాలుగలు మేత కోసం ఒడ్డుకు వస్తాయి. అప్పుడు గాలం నడినదికి విసరడం దండగ. ఒడ్డు నుంచి పది పదిహేను అడుగుల్లో, నీళ్లు సుడి తిరిగి నిదానించే చోట వేయండి.

ఎర్రనీళ్లు వచ్చాక చూపు మీద ఆధారపడి తినే చేప దాదాపు ఆగిపోతుంది. దీనికో పరీక్ష: తెల్ల సీసామూతకు చిన్న సీసపు గుండు కట్టి దారంతో దించండి. నాలుగు అంగుళాల్లోపే మూత కనిపించకుండా పోతే వాసన ఎరే దిక్కు: వానపాములు గుత్తిగా, లేదా కోడి పేగు. అడుగు లోతు దాకా మూత కనిపిస్తే తవుడు, వేరుసెనగ చెక్క కలిపిన ముద్దతో శీలావతి, మోసు చేపలకు వేయొచ్చు. మా లెక్కలో అన్నిటికన్నా మంచి సమయం వరద తీసి, నీళ్లు రోజుకు కొద్దికొద్దిగా తగ్గుతూ తేరుకునే రెండో రోజు, మూడో రోజు.

వేగం ఎక్కువున్నప్పుడు నీళ్ల మీద తేలే బెండు పనిచేయదు, దారాన్ని లాక్కుపోతుంది. నది అడుగున ఆనే గాలం వేయండి. మామూలుగా 30 గ్రాముల సీసం చాలేచోట 60 నుంచి 80 పడుతుంది. గుండ్రటిది దొర్లిపోతుంది, బిళ్లలా ఉన్నది నిలుస్తుంది. సీసానికీ కొక్కేనికీ మధ్య జానెడు దారం వదలకపోతే ఎర బురదలో కూరుకుపోతుంది. సగం మంది చేసే తప్పు ఇదే.

గేట్లు ఒక్కసారిగా దించిన రోజు ఒడ్డు చేప మడుగుల్లోకి దిగిపోతుంది. ఆ రోజు ఒడ్డు అంచున నిలబడకండి. నీళ్లలో నానిన మట్టి బరువుగా ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉన్న నీళ్లు తగ్గిపోతాయి. పెళ్ల విరిగిపడేది అప్పుడే. అంచుకు సమాంతరంగా నెర్రె కనిపిస్తే దానికి ఇవతలే ఉండండి.

ప్ర: ఫెర్రీ రేవు దగ్గర మట్టం అంగుళం పెరగలేదు, కానీ గాలం నిలవడం లేదు. ఎందుకు?
— ఇబ్రహీంపట్నం పాఠకుడు

జ: మీరు గాలం వేసేది ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లలో. పైనుంచి ఎంత వస్తే అంత వదిలేలా 70 గేట్లలో కొన్నిటిని ఎత్తుతూ మట్టాన్ని అలాగే ఉంచుతారు. లోతు మారకుండా పారే నీళ్లు రెట్టింపైతే వేగమే రెట్టింపవ్వాలి. కర్ర అక్కడ మిమ్మల్ని మోసం చేస్తుంది. బెండు ముప్పై అడుగులు కొట్టుకుపోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడండి. ముప్పై సెకన్లయితే హాయిగా కూర్చోవచ్చు, పదిలోపైతే పడవ ఎక్కవద్దు. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. గాలం సర్దుకోవడానికి అంతదాకా ఆగనక్కర్లేదు.

ప్ర: నది మధ్య బండ మీద నుంచి గాలం వేస్తాం. సైరన్ మోగాక ఒడ్డుకు రావడానికి సమయం ఉంటుందా?
— మాచర్ల పాఠకుడు

జ: ఉంటుందని అనుకోవద్దు. గాలి ఎదురుగా వీస్తే సైరన్ రెండు మూడు కిలోమీటర్లకే వినిపించదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యాం నీళ్లు వదిలినప్పుడు బియాస్ నది మధ్య బండల మీదున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. బండకూ ఒడ్డుకూ మధ్య నదిపాయ మోకాలి లోతు ఉన్నప్పుడే ఆగి ఆలోచించాలి: సెకనుకు ఐదారడుగుల వేగంతో తొడల దాకా వచ్చిన నీళ్లు బలమైన మనిషినీ పడదోస్తాయి, పైగా పాచి పట్టిన బండల మీద. బండ కాకుండా ఒడ్డునే ఎత్తయిన చోటు చూసుకోండి. తప్పదంటే వెళ్లగానే పాయ అంచున ఓ పుల్ల గుచ్చి, పావుగంటకోసారి చూడండి. రెండు అంగుళాలు మునిగిందంటే రీలు చుట్టండి. కొక్కెం ఎక్కడైనా చిక్కుకుంటే దారం కోసేయండి.