‘దూరం పెడుతున్నానని అనుకుంటున్నారు’

ప్రశ్న: నా వయసు 27. బాబుకు ఐదో నెల, తల్లిపాలే ఇస్తున్నాను. పుట్టింటి నుంచి వచ్చినప్పటి నుంచీ కలయిక సమయంలో మంట, నొప్పి ఉంటున్నాయి. చెప్పలేక, ఆయన గదిలోకి వచ్చే సమయానికి బాబును పక్కలో వేసుకుని నిద్రపోయినట్టు పడుకుంటున్నాను. నాకు ఇష్టం పోయిందని ఆయన అనుకుంటున్నారు. ఎలా చెప్పాలి?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ హార్మోను బాగా తగ్గి ఉంటుంది కాబట్టి యోని పొడిబారుతుంది, అందువల్ల మీరు చెప్పిన మంట చాలామంది బాలింతలకు ఉండేదే. కాన్పులో పడిన కుట్లు కూడా కారణం కావచ్చు. ఒకసారి గైనకాలజిస్టుకు చూపించుకోండి. లూబ్రికెంట్ జెల్‌తోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

ఇక చెప్పడం గురించి. మీరు నిద్ర నటించినప్పుడు మీ వారికి తెలిసేది మీరు వద్దనుకుంటున్నారని మాత్రమే, ఎందుకన్నది తెలియక ఆయన తనకు తోచిన కారణం ఊహించుకుంటున్నారు. ఈ మాట రాత్రి పడక మీద మొదలుపెట్టకండి, ఆ సమయంలో ఏం చెప్పినా కాదన్నట్టే వినిపిస్తుంది. పక్క గదిలో పెద్దవాళ్లుంటే ఇంట్లో మాట్లాడుకోవడమూ కష్టమే కనుక, సాయంత్రం బాబును ఎత్తుకుని ఇద్దరూ అలా బయటికి వెళ్లినప్పుడు చెప్పండి. “కాన్పు తర్వాత నాకు నొప్పిగా ఉంటోందండీ. డాక్టరుకు చూపించుకుని తగ్గేదాకా కలయిక వద్దు. కానీ మీరు దగ్గర కూర్చుంటే, తల నిమిరితే నాకు బాగుంటుంది” అన్నంత సూటిగా చెప్పవచ్చు. ఏది వద్దో చెప్పి ఊరుకుంటే ఆయన పూర్తిగా ముడుచుకుపోవచ్చు, అందుకే ఏది కావాలో కూడా ఆ మాటతోనే చెప్పమంటున్నాను. ఆడవాళ్లు తమ కోరిక నోటితో చెప్పకూడదని నేర్పిన పెంపకం వల్ల మనకు రెండో సగమే ఎక్కువ కష్టమనిపిస్తుంది.

దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నారు గనుక మిగతాదానికీ ఒప్పుకున్నట్టేనని ఆయన అనుకోకూడదు, మధ్యలో మీకు నొప్పి అనిపిస్తే అక్కడితో ఆపమనవచ్చు. ఇంత చెప్పాక కూడా ఎవరైనా బలవంతం చేస్తే అది భర్త హక్కు కాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం లైంగిక హింసను కూడా హింసగానే పరిగణిస్తుంది, 181 మహిళా హెల్ప్‌లైన్‌లో సహాయం దొరుకుతుంది. మీ ఉత్తరంలో అలాంటి ఛాయలు లేవు. అయినా ఇది చదివే మరొకరికి అవసరం పడవచ్చని రాస్తున్నాను.

డాక్టరు దగ్గరికి ఆయన్నూ వెంట తీసుకువెళ్లండి. పాలిస్తున్నప్పుడు, నెలసరి మొదలవకముందే కూడా గర్భం వచ్చే అవకాశం ఉంది కాబట్టి, మీకు సరిపడే గర్భనిరోధక పద్ధతి ఏదో కూడా అక్కడే ఇద్దరూ కలిసి అడగండి.