లెక్సస్ బ్యాడ్జ్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?
(కార్ల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ జపాన్ లగ్జరీ కార్ల మీదే వచ్చాయి, అంటే టయోటా వాళ్ళ లెక్సస్, హోండా వాళ్ళ అక్యూరా, నిస్సాన్ వాళ్ళ ఇన్ఫినిటీ. అమెరికా నుంచి కొన్ని, హైదరాబాద్ నుంచి ఒకటి, విశాఖ నుంచి ఒక పెద్దాయన రాసింది ఒకటి. అన్నిట్లో అడిగింది దాదాపు ఒకటే, ఈ కంపెనీల్లో అన్నిటికంటే చవక మోడల్ కొంటే ఆ పేరుకి తగ్గ కారు వస్తుందా, లేక పేరు మాత్రమే వస్తుందా అని.

ప్ర: అన్నా, మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం, ఇద్దరం ఐటీలోనే, ఇద్దరు పిల్లలు. వేసవికి మా అమ్మానాన్న వస్తున్నారు, ఆలోపు పాత కరోలా తీసేసి పెద్ద కారు కొనాలని చూస్తున్నాం. షోరూంలో మిగిలిపోయిన 2025 లెక్సస్ ఈఎస్ 300హెచ్ 47 వేల డాలర్లు అంటున్నారు, అన్ని ఆప్షన్లూ వేసిన టయోటా క్యామ్రీ ఎక్స్ఎల్ఈ 38 వేలకి వస్తోంది. మా ఆయనేమో ఈఎస్ అంటే లోగో మార్చిన క్యామ్రీనే, తొమ్మిది వేలు ఊరికే పోస్తావా అంటున్నారు. నాకు మాత్రం టెస్ట్ డ్రైవ్ అయ్యాక దిగబుద్ధి కాలేదు. ఏం చేయమంటారు?

జ: చెల్లెమ్మా, ఇంజన్ గురించైతే మీ ఆయన చెప్పింది నిజమే. రెండింట్లోనూ 2.5 లీటర్ ఫోర్ సిలిండర్ హైబ్రిడే (పెట్రోలు ఇంజన్‌కి బ్యాటరీ మోటార్ తోడు), పైగా కొత్త క్యామ్రీలో ఉన్నది దాని తర్వాతి తరం, 225 హార్స్‌పవర్ ఇస్తుంది, ఈఎస్ 300హెచ్ 215 ఇస్తుంది, మైలేజీలో కూడా క్యామ్రీదే కాస్త పైచేయి. రెండింటి కిందా ఉన్నది టయోటా జీఏ-కే ప్లాట్‌ఫామే, అంటే అడుగున ఉండే కట్టడం ఒకటే. చాలామంది లెక్సస్ ఎందుకు కొన్నావంటే ఫస్ట్ చెప్పేది "అస్సలు రిపేర్ రాదు" అని, కానీ రిపేర్ రాకపోవడం అనేది మీకు క్యామ్రీలోనే వచ్చేస్తోంది, దానికోసం తొమ్మిది వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు. హైబ్రిడ్ బ్యాటరీ వారంటీ కూడా రెండింటికీ ఒకటే, 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళు.

మరి ఆ తొమ్మిది వేలు ఎక్కడికి పోతున్నాయంటే, మీకు దిగబుద్ధి కాలేదన్నారు చూడండి, అక్కడికే. నిశ్శబ్దం, సీట్లు, తలుపు పడే తీరు, గతుకు మీద బండి ఎలా సర్దుకుంటుందన్నది, ఇవన్నీ ఖర్చుతో వచ్చేవే, కాగితం మీద కనపడవు. ఈఎస్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) క్యామ్రీ కంటే దాదాపు రెండంగుళాలు ఎక్కువ, వెనక కూర్చునే మీ నాన్నగారి మోకాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. మీ వైపు హైవేలు చాలావరకు కాంక్రీట్ రోడ్లు కదా, తారు రోడ్డు మీద వినపడని టైర్ మోత వాటి మీద లోపలికి బాగా కొడుతుంది. అందుకని రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, 70 మైళ్ళ స్పీడ్‌లో ఏసీ, ఆడియో రెండూ ఆపేసి నడపండి, వెనక సీట్లో మీ ఆయన్ని కూర్చోబెట్టి మామూలు గొంతుతో మాట్లాడమనండి. ఇంకోటి చూడండి, బండి ఆపాక నాలుగు అద్దాలూ సగం దించి పై అంచు దగ్గర పరీక్షగా చూస్తే, రెండు పొరల అద్దమైతే మధ్యలో సన్నటి గీత కనపడుతుంది, ఒంటి పొరదైతే గీత ఉండదు. ముందు తలుపులకి రెండు పొరలు పెట్టి వెనక తలుపులకి ఒకటే పెట్టే కంపెనీలున్నాయి, కాబట్టి వెనకవీ చూడండి. సేల్స్‌మేన్ చెప్పే మాట కంటే ఆ గీత నమ్మకం.

వారంటీ సంగతికొస్తే లెక్సస్ కారుకి 4 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళు, ఇంజన్, గేర్‌బాక్స్‌కి 6 ఏళ్ళు లేదా 70,000. టయోటాది 3 ఏళ్ళు లేదా 36,000, ఇంజన్‌కి 5 ఏళ్ళు లేదా 60,000. బానే ఉంది, కానీ చాలామందికి తెలియని విషయం ఏంటంటే ఫ్రీ సర్వీసులు టయోటానే ఎక్కువ ఇస్తుంది, రెండేళ్ళు లేదా 25,000 మైళ్ళ దాకా. లెక్సస్ వాళ్ళు ఆరు నెలలప్పుడు ఒకటి, ఏడాదప్పుడు ఒకటి చేసి ఆపేస్తారు, ఆ తర్వాత అదే ఆయిల్ మార్పుకి లెక్సస్ డీలర్ దగ్గర బిల్లు ఎక్కువే వస్తుంది. అక్కడ కాఫీ బాగుంటుంది, సర్వీస్‌లో ఉన్నన్నాళ్ళు తిరగడానికి వేరే కారిస్తారు, ఇద్దరూ ఆఫీసుకెళ్ళే ఇంట్లో అది చిన్న విషయమేం కాదు, నిజంగా పనికొస్తుంది.

నా మాటంటే, కొత్త ఈఎస్‌కి 47 వేలు వద్దు. అదే డీలర్ దగ్గర లీజ్ అయిపోయి వెనక్కొచ్చిన 2023 ఈఎస్ 300హెచ్, కంపెనీ సర్టిఫైడ్‌ది (వాళ్ళే తనిఖీ చేసి పూచీ ఇచ్చేది), తక్కువ మైళ్ళది అడగండి. కొత్త క్యామ్రీ ధరకి అటూ ఇటూగా దొరుకుతుంది, మీకు నచ్చిన ఆ నిశ్శబ్దం మొత్తం ఉంటుంది, మొదటి ఓనర్ మోసిన తరుగుదల మీకుండదు. 2022కి ముందువి మాత్రం తీసుకోకండి, వాటిల్లో స్క్రీన్ టచ్ కాదు, కింద చిన్న టచ్‌ప్యాడ్ మీద వేలు రాస్తూ బొమ్మ వెతుక్కోవాలి, డ్రైవింగ్‌లో అది చిరాకే కాదు ప్రమాదం కూడా. సర్టిఫైడ్ దొరక్కపోతే క్యామ్రీ తీసేసుకోండి, మిగిలిన డబ్బు పిల్లల కాలేజీ అకౌంట్‌లో వేయండి.

ప్ర: పై ప్రశ్నలాంటిదే, కానీ మా బావ బీఎండబ్ల్యూ 330ఐ కొనమంటున్నాడు, ధర ఈఎస్‌కి దగ్గర్లోనే ఉంది కదా అని. (అట్లాంటా నుంచి)

జ: నడపడం ఇష్టమైతే 330ఐ ముందు ఈఎస్ నిలబడదు, అందులో వాదనే లేదు. కానీ ఈఎస్‌కి మామూలు 87 ఆక్టేన్ పెట్రోలు చాలు, బీఎండబ్ల్యూకి ప్రీమియం పోయాలి, గాలన్‌కి సుమారు డాలర్ తేడా, ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగితే నాలుగొందల డాలర్లు దానికే. అసలు ఖర్చు నాలుగేళ్ళ వారంటీ అయ్యాక మొదలవుతుంది. మూడేళ్ళు లీజ్‌కి తీసుకుని తిరిగిచ్చేసే ఉద్దేశమైతే మీ బావ మాట వినండి, పదేళ్ళు ఉంచుకునే కారైతే వినకండి.

ప్ర: మా అబ్బాయి న్యూజెర్సీలో లెక్సస్ కొన్నాడు. టయోటా వాళ్ళదే అంటున్నారు, మరి వేరే పేరు ఎందుకు పెట్టినట్టు? ఆ పేరుకి అంత విలువ ఎలా వచ్చింది? (విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీర్)

జ: చాలా మంచి ప్రశ్న సార్, ఈ శీర్షికలో మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. 1981లో అమెరికా ఒత్తిడికి జపాన్ తన కార్ల ఎగుమతికి తానే పరిమితి పెట్టుకుంది, మొదట్లో ఏడాదికి 16.8 లక్షల కార్లు. లెక్కకి కట్టడి పడినప్పుడు ఒక్కో కారు మీద ఎక్కువ మిగిలేలా చూసుకోవాలి కదా, ఖరీదైన కార్ల వైపు వాళ్ళు తిరగడానికి అదొక పెద్ద కారణం. 1986లో హోండా అక్యూరా పేరుతో అమెరికాలో షాపు తెరిచింది, 1989లో టయోటా లెక్సస్, నిస్సాన్ ఇన్ఫినిటీ వచ్చాయి. చవక కార్ల పేరుతో 35 వేల డాలర్ల కారు అమ్ముడుపోదని వేరే పేరు, వేరే షోరూం. మీరు గమనించాల్సింది ఏంటంటే జపాన్‌లో 2005 దాకా లెక్సస్ అనే పేరుతో అమ్మకాలే లేవు, అక్కడ అదే కారు టయోటా సెల్సియర్‌గా తిరిగేది.

ఆ పేరు తెచ్చింది ఎల్ఎస్ 400 అనే ఒక్క కారు. 1983లో టయోటా ఛైర్మన్ ఐజీ టొయోడా ప్రపంచంలో అందరికంటే మంచి కారు మనం చేయగలమా అని అడిగితే, ఇచిరో సుజుకి అనే చీఫ్ ఇంజనీర్ ఆధ్వర్యంలో ఇంజన్ నుంచి అద్దం దాకా కొత్తగా గీసి తయారు చేశారు, ఆరేళ్ళు పట్టింది. అది వచ్చిన కొన్ని నెలలకే, డిసెంబర్ 1989లో, బ్రేక్ లైట్ వైరింగ్, క్రూజ్ కంట్రోల్ లోపాలు బయటపడ్డాయి, అప్పటికి సుమారు 8 వేల కార్లు అమ్ముడయ్యాయి. కొత్త కంపెనీకి అది మునిగిపోయే దెబ్బే. డీలర్లు ఓనర్ల ఇళ్ళకే వచ్చి బండి తీసుకెళ్ళి, బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి మళ్ళీ ఇంటి ముందు పెట్టారు. లెక్సస్ సర్వీస్ అనగానే ఇవాళ్టికీ జనం చెప్పుకునేది అక్కడ పుట్టిందే.

ఇంతకీ నేను చెప్పొచ్చేది, ఆ ఏడాదే ఎల్ఎస్ పక్కన ఇంకో కారు కూడా నిలబెట్టారు, ఈఎస్ 250 అని, ఒక్క మోడల్‌తో షోరూం నడవదని క్యామ్రీని మార్చి హడావిడిగా చేసింది. పేరు ఎల్ఎస్ తెచ్చింది, అదే పేరు కింద ఈఎస్ అమ్ముడుపోయింది. తర్వాత తర్వాత ఈఎస్ చాలా బాగుపడింది, అది వేరే సంగతి, కానీ ఇప్పటికీ చవక లెక్సస్‌లకి ఆ లెక్క మారలేదు. చిన్న లెక్సస్ యూఎక్స్ అడుగున ఉన్నది కరోలా, ప్రియస్‌లు వాడే ప్లాట్‌ఫామే. మీ అబ్బాయి కొన్నది ఏ మోడలో రాయలేదు, ఏదైనా భయపడాల్సిన కారు మాత్రం కాదు సార్.

ప్ర: బ్రో, ఎడిసన్‌లో ఉంటా, పెళ్ళి కాలేదు, గేర్ బండి అంటే పిచ్చి. హోండా సివిక్ ఎస్ఐ కొనాలా, అక్యూరా ఇంటెగ్రా కొనాలా?

జ: తమ్ముడూ, బానెట్ ఎత్తితే రెండింట్లో ఉన్నది ఒకటే 1.5 లీటర్ టర్బో, 200 హార్స్‌పవర్. ఇంటెగ్రాలో ఏ ట్రిమ్ (ఏ రకం) అన్నదే అసలు ప్రశ్న. కింది ట్రిమ్ సీవీటీతోనే (మనం గేర్లు మార్చే పనిలేని ఆటోమేటిక్) వస్తుంది, 33 వేల చుట్టూ ఉంటుంది, అది మాత్రం వద్దు, ఆ డబ్బుకి హోండా అకార్డ్ హైబ్రిడ్ వస్తుంది, అన్ని విధాలా పెద్ద కారు. అక్యూరా షోరూంలో ఎక్కువమందికి అంటగట్టేది ఆ సీవీటీ బండే, నాకు బాధ కలిగేది అక్కడే, లగ్జరీ అన్న పేరు చూసి సివిక్ ఇంటికి తెచ్చుకుంటున్నారు.

ఏ-స్పెక్ టెక్‌లో ఆరు గేర్ల మాన్యువల్ ఉంది, అది వేరే బండి. దాంట్లో రోడ్డుని బట్టి మెత్తగా గట్టిగా మారే సస్పెన్షన్ ఉంది, ఇప్పటి ఎస్ఐలో అది తీసేశారు. 16 స్పీకర్ల ఈఎల్ఎస్ ఆడియో ఉంది, డిక్కీ వెనక అద్దంతో సహా లేస్తుంది కాబట్టి సైకిల్ కూడా పట్టేస్తుంది. వారంటీ లెక్సస్‌లాగే 4 ఏళ్ళు, 50,000 మైళ్ళు. ఎస్ఐ మీద కొన్ని వేలు ఎక్కువ పడుతుంది, న్యూజెర్సీ గుంతల మీద రోజూ ఆఫీసుకి వెళ్ళేవాడివైతే ఆ సస్పెన్షన్‌కే ఆ డబ్బు పెట్టొచ్చు. ఇంటి నుంచే పనిచేస్తూ ఆదివారం మాత్రం బండి తీసేవాడివైతే ఎస్ఐ తీసుకో, హాయిగా ఉంటుంది.

ప్ర: హైదరాబాద్‌లో వ్యాపారం చేస్తుంటాను. డ్రైవర్ ఉంటాడు, నేను వెనకే కూర్చుంటా. లెక్సస్ ఈఎస్ 300హెచ్ మీద మనసు పడింది, క్యామ్రీ కూడా చూశాను. ఇక్కడ లెక్క ఏమైనా మారుతుందా?

జ: మారుతుందండీ, బాగానే మారుతుంది. లెక్సస్ మన దేశానికి 2017లో వచ్చింది, ఈఎస్‌ని 2020 నుంచి బెంగళూరు పక్కన బిడదిలో బిగిస్తున్నారు, క్యామ్రీ తయారయ్యేది కూడా అక్కడే. క్యామ్రీ ఎక్స్‌షోరూం 48 లక్షల దగ్గర, ఈఎస్ 60 లక్షలు దాటి ఉంటుంది, లైఫ్ టాక్స్ ధర మీద శాతంలో పడుతుంది కాబట్టి రోడ్డు మీదికొచ్చేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అయితే అమెరికాలో ఈఎస్‌ని పోల్చేది క్యామ్రీతో, ఇక్కడ మీ తోటి వ్యాపారులు అదే డబ్బుకి కొనేది బెంజ్ సీ క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్. వాటి పక్కన పెట్టి చూస్తే ఈఎస్ వెనక సీటు సీ క్లాస్ కంటే చాలా విశాలం, సిటీ ట్రాఫిక్‌లో హైబ్రిడ్ ఎక్కువసేపు బ్యాటరీ మీదే కదులుతుంది, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజన్ చప్పుడే ఉండదు. జూన్ 2024 నుంచి లెక్సస్ ఇండియా కొత్త కార్లన్నిటికీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది, ఇదే నా దృష్టిలో మన దగ్గర లెక్సస్ ధరకి అన్నిటికంటే గట్టి సమాధానం. వెనక కూర్చుని ఎనిమిదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి ఈఎస్ కొనమనే చెప్తాను. మూడు నాలుగేళ్ళకోసారి మార్చేవాళ్ళయితే క్యామ్రీ చాలు. మీ తిరుగుడు ఎక్కువ ఖమ్మం, వరంగల్ పల్లెల వైపైతే మాత్రం రెండూ ఎత్తు తక్కువ కార్లే, స్పీడ్ బ్రేకర్ల మీద కింద తగులుతాయి, డ్రైవర్‌ని తీసుకెళ్ళి మీ గోడౌన్ దారిలోనే టెస్ట్ డ్రైవ్ అడగండి, వాళ్ళు కాదనరు.

ప్ర: అన్నా, ఎంఎస్ చేస్తున్నా, పార్ట్‌టైమ్ జాబ్. ఫ్రెండ్ ఒకడు ఇన్ఫినిటీ క్యూ50 అమ్ముతున్నాడు, 2017ది, చాలా తక్కువకే ఇస్తానంటున్నాడు. లెక్సస్ లాంటిదే కదా, తీసుకోనా?

జ: వద్దు తమ్ముడూ. లెక్సస్ లాంటిది కాదు, జపాన్‌వి అయినంత మాత్రాన లెక్సస్, అక్యూరా, ఇన్ఫినిటీ మూడూ ఒకటి కావు. క్యూ50 2013లో వచ్చింది, 2024 దాకా పెద్దగా మార్పు లేకుండా అలాగే అమ్మి ఆపేశారు, పశ్చిమ యూరప్ నుంచి అయితే ఇన్ఫినిటీ 2020లోనే వెళ్ళిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో అంత తక్కువకి దొరకడానికి కారణం ఆ పేరుకి గిరాకీ పడిపోవడమే, నువ్వు అమ్మేటప్పుడూ అదే ఎదురవుతుంది. నువ్వు చెప్తున్న ఏడాదిలో ఎక్కువగా ఉన్నది 3 లీటర్ ట్విన్ టర్బో, 300 హార్స్‌పవర్, ప్రీమియం పెట్రోలు. నీ వయసు కుర్రాడికి ఆ కారు మీద ఇన్సూరెన్స్ ఎంత చెప్తారో ఇవాళే ఆన్‌లైన్‌లో కోట్ తీసి చూడు, దాని పక్కనే అదే ఏడాది కరోలా కోట్ కూడా తీయి. ఫ్రెండ్‌కి అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ పని చెయ్, ఇచ్చాక మొహమాటం అడ్డొస్తుంది.