150 లీటర్లకి బ్లూ టాంగ్ వద్దు, ఇవి చూడండి

150 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ట్యాంక్‌లో రెండు క్లౌన్ ఫిష్ ఉన్నాయి, ఇంక బ్లూ టాంగ్, ఒక డామ్సెల్ వేయొచ్చా అని అడిగారు కదా అన్నా, దయచేసి ఆ రెండూ తేకండి. బ్లూ టాంగ్ షాపులో రెండంగుళాలే ఉంటది గానీ పెరిగితే దాదాపు 30 సెంటీమీటర్లు అవుతది, పైగా రోజంతా ఈదే చేప, దానికి ఆరడుగుల ట్యాంక్ కావాలి, ఇరుకులో పెడితే ఆ స్ట్రెస్‌కి తెల్లమచ్చల జబ్బు తొందరగా పట్టుకుంటది. డామ్సెల్ చవకే, కానీ ఒక మూల తనది అనుకుందంటే కొత్తగా వచ్చిన ప్రతి చేపనీ తరుముతది, తర్వాత దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ పీకాల్సిందే.

నేనైతే ఫైర్‌ఫిష్ ఒకటి, వాచ్‌మన్ గోబీ ఒకటి, ఆఖర్న రాయల్ గ్రామా అంటాను. గోబీ ఇసుక మీద, గ్రామా రాళ్ల సందుల్లో, ఫైర్‌ఫిష్ మధ్య నీళ్లలో, ఎవరి చోటు వాళ్లది కాబట్టి గొడవలు తక్కువ. గోబీకి తోడు పిస్టల్ రొయ్య దొరికితే అస్సలు వదలకండి, రొయ్యకి చూపు సరిగా ఆనదు, అది బొరియ తవ్వుతూ మీసం గోబీకి ఆనించి ఉంచుతది, గోబీ కాపలా కాస్తది, ఎంతసేపు చూసినా తనివి తీరదు!

ఫైర్‌ఫిష్ బెదిరితే బయటికి దూకేస్తది, జాలీ మూత తప్పనిసరి. అన్నీ ఒకేరోజు వేయకండి, ఒక్కోదానికి రెండు మూడు వారాలు గ్యాప్ ఇచ్చి, నీళ్ల టెస్ట్‌లో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషాలు) సున్నా చూపిస్తేనే తర్వాతది తెండి.