ముధోల్ కుక్కపిల్లను తెచ్చుకునే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ముధోల్ జాతి కుక్కపిల్లను తెచ్చుకుంటానని, అది ఎంత వేగంగా పరుగెత్తుతుందో చెప్పమని రాశావు. వేగం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చూపుతో వేటాడే జాతుల్లో అన్నిటికన్నా వేగమైనది గ్రేహౌండ్. 1994లో ఆస్ట్రేలియాలోని వ్యోంగ్‌లో ఒక గ్రేహౌండ్ గంటకు 67.32 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో దాటిన నూరు మీటర్లకు, ఆ వేగంలో ఐదున్నర సెకన్లు కూడా పట్టదు. మన వరంగల్‌లో గ్రేహౌండ్స్ అనగానే 1989లో ఏర్పడిన పోలీసు దళమే గుర్తొస్తుంది గానీ, ఆ పేరు గల కుక్కను చూసినవాళ్లు తక్కువ.

ముధోల్, రాంపూర్, చిప్పిపారై, అరబ్బు దేశాల సలుకీ, ఇంగ్లండు విప్పెట్, అన్నీ చూపుతో వేటాడే ఆ కోవవే. కోల ముఖం, లోతైన ఛాతీ, వీపుకు అతుక్కుపోయినట్టుండే పొట్ట, పొడవాటి కాళ్లు. పరుగు అందుకున్నప్పుడు ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలను వదిలేస్తాయి. ఒళ్లు చాచినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఇంకోసారి. చూడటానికి రెండు కళ్లూ చాలవు.

అయితే నువ్వు కాపురం చేసేది ఆ పరుగుతో కాదు నాయనా. రోజు మొత్తంలో అది కొన్ని నిమిషాలే ఉరుకుతుంది. మిగతా సమయమంతా నీ మంచం మీద కాళ్లు చాచి పడుకుంటుంది, నీకే చోటు ఉండదు. నీకు అసలు పని పడేది దానికి ఏదైనా కంటపడిన క్షణంలో.

వడ్డేపల్లి చెరువు కట్ట మీద తెల్లవారుజామున నడిపిస్తుంటావు. బెల్టు వదులుగా ఉంటుంది, కుక్క నీ మోకాలి పక్కనే నడుస్తుంటుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. మెడ నిటారుగా లేస్తుంది, వెనక్కి వాలి ఉన్న చెవులు నిక్కుతాయి, ఒక ముందు కాలు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోతుంది. నీ కంటికి ఎదురుగా ఏమీ ఆనదు. అల్లంత దూరాన పిల్లి దాటుతూ ఉంటుంది, లేదంటే గాలికి ప్లాస్టిక్ సంచి దొర్లుతుంటుంది. నీ చేతిలో ఉన్నవి ఆ రెండు సెకన్లే. అప్పుడే బెల్టు చేతికి చుట్టుకుని, దాని చూపుకు అడ్డంగా నిలబడి, పక్కకు తిప్పాలి. ఒకసారి పరుగు లంకించుకుందంటే నెత్తీ నోరూ మొత్తుకున్నా లాభం లేదు. అది పొగరు అనుకుని కొట్టేవాళ్లను చూశాను, వాళ్లకు కుక్కలు పెంచే అర్హతే లేదు. తరతరాలుగా వీటిని మనిషికి ఎంతో ముందు ఉరుకుతూ, సొంతంగా నిర్ణయం తీసుకునేలా పెంచారు. వెనక నుంచి వచ్చే కేక కోసం ఆగే గుణం వీటిలో వెతకడం మన అత్యాశ.

కాబట్టి నాలుగు వైపులా గోడ లేని చోట బెల్టు విప్పనే వద్దు. ఆర్ట్స్ కాలేజీ మైదానం ఎంత పెద్దదైనా దాని పక్కనే రోడ్డు ఉంది. మెడపట్టీ కూడా మామూలుది పనికిరాదు. వీటి తల మెడకన్నా సన్నం, వెనక్కి ఒక్క గుంజు గుంజితే మామూలు పట్టీ చెవుల మీదుగా జారి వస్తుంది. లాగినప్పుడు మాత్రమే బిగుసుకునే వెడల్పాటి మార్టింగేల్ పట్టీ కొను.

ఊళ్లో పొలం దగ్గర స్వేచ్ఛగా వదులుతానని రాశావు. వద్దు. అడవిపందుల కోసం రాత్రిళ్లు కరెంటు తీగలు పెట్టేవాళ్లు మన ములుగు, భూపాలపల్లి వైపు ఇంకా ఉన్నారు. అది నేరమని తెలిసీ పెడతారు. పైగా గట్టు లేని వ్యవసాయ బావులు. కుందేలు వెంట పడ్డ కుక్కకు కాళ్ల ముందు ఏముందో పట్టదు. ఇంకో మాట, నీ దగ్గర వేటకుక్క ఉందని తెలియగానే ఎవరో ఒకరు పాకాల అడవి వైపు వెళ్లి కుందేళ్ల మీద వదిలి చూద్దామంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును వేటాడినా కేసే. అలాంటి స్నేహాన్ని గుమ్మంలోనే సాగనంపు.

మరి పరుగు ఎలా? పొడవాటి కర్రకు తాడు కట్టి, చివర గుడ్డపీలిక ముడివేసి, గోడ ఉన్న మామిడితోటలోనో ఖాళీ స్థలంలోనో నేల మీద గిరగిరా తిప్పు. పది నిమిషాల్లో దాని కోరిక తీరిపోతుంది. అప్పుడప్పుడు గుడ్డ దొరకనివ్వాలి సుమా, ఎన్నటికీ అందకపోతే విసుగెత్తి ఆట మానేస్తుంది. ఏడాది నిండేవరకు మరీ ఎక్కువ ఉరికించకు, ఎముకలు ఇంకా ముదరవు. తిండి రోజుకు రెండు పూటలు పెట్టు. తిండికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట పరుగు వద్దు. లోతైన ఛాతీ గల కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, ఆ జబ్బు గంటల్లో ప్రాణం తీస్తుంది. కోడి కూర ఎముకలు అసలు వేయకు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనబడటం ఈ జాతికి ఆరోగ్యమే. కాలనీలో ప్రతివాడూ తిండి పెట్టడం లేదా అని అడుగుతాడు, నవ్వి ఊరుకో.

ఎండ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సూర్యుడు రాకముందే నడక ముగించాలి. సాయంత్రం రోడ్డు మీద నీ అరచేయి ఆనించి చూడు, ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను బయటకు తీసుకురాకు. వడదెబ్బ తగిలితే రొప్పు ఆగదు, జొల్లు చిక్కబడుతుంది, నడక తూలుతుంది. వెంటనే ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాను గాలి తగలనిచ్చి ఆసుపత్రికి పరుగెత్తు. చలికాలంలో కథ తిరగబడుతుంది. ఒంట్లో కొవ్వు తక్కువ, వెంట్రుక పొట్టి, డిసెంబరు తెల్లవారుజామున వణుకుతుంది. పాత దుప్పటి ముక్కతో చొక్కా కుట్టించు. పడుకోవడానికి మెత్తని పరుపు ఉండాలి, గచ్చు మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి.

చర్మం మరీ పల్చన. ముళ్లతీగ రాసుకున్నా, వీధికుక్క పన్ను దిగినా చీలిపోయి కుట్లు పడతాయి. అందుకే కట్ట మీదికి వెళ్లేటప్పుడు చేతికర్ర పట్టుకో. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి మనకు కొంత నయం. ఎప్పుడైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ఇది గ్రేహౌండ్ తరహా జాతి అని డాక్టరుకు నోటితో చెప్పు. థయోపెంటాల్ లాంటి మందుల మత్తు వీటికి త్వరగా దిగదు. గ్రేహౌండ్ల రక్తంలో ఎర్రకణాల శాతం సహజంగానే ఎక్కువ, రిపోర్టు చూసి కంగారు పడకుండా ఆ మాట కూడా గుర్తుచేయి. రేబిస్ టీకా, గోమార్లకు మందు అన్ని కుక్కలకు లాగే.

పిల్లను ఎక్కడ తేవాలంటావా? బస్సెక్కి నిర్మల్ జిల్లా ముధోల్‌లో దిగేవు! ఈ కుక్కకు పేరిచ్చిన ముధోల్ కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో ఉంది. 2005లో తపాలా శాఖ బిళ్ల వేసిన నాలుగు దేశీ కుక్క జాతుల్లో ఈ ముధోల్ జాతీ ఒకటి. అక్కడి తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఉంది, ముందు వాళ్లను అడుగు. దళారి ఫోన్లో పంపిన ఫొటో చూసి డబ్బు కట్టకు. తల్లిని కళ్లారా చూడు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై వచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి.

పక్కింటివాళ్లకు కోళ్లు ఉన్నాయని మీ అమ్మ ఫోనులో అంది. పిల్లప్పటి నుంచి బెల్టుతో కోళ్ల ముందు కూర్చోబెట్టి అలవాటు చేయి, కానీ ఎంత అలవాటైనా ఒంటరిగా నమ్మకు. నువ్వు అద్దెకుంటున్న ఇంటి ప్రహరీ నాలుగడుగులే అని గుర్తు. ఈ కుక్కకు అది గోడ కింద లెక్క కాదు, కనీసం ఆరడుగులు కావాలి. పిల్లను జూన్‌లో మృగశిర దాటి వానలు పడ్డాకే తీసుకురా. మీ అమ్మను ఒప్పించే పూచీ నాది. గోడ ఎత్తు పెంచడం గురించి ఇంటి యజమానితో మాత్రం నువ్వే మాట్లాడుకో.

ఇట్లు,
మీ మామయ్య
హన్మకొండ