కంట్రోలర్ నా దారి ఎందుకు మార్చారు?

ప్రశ్న: మాస్టారూ, నేను బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఈమధ్యే కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకుని, పైలట్లుగా, కంట్రోలర్లుగా ఔత్సాహికులే కూర్చునే వాట్సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో చేరాను. భువనేశ్వర్ నుంచి హైదరాబాద్‌కు ప్లాన్ వేశాను. దారి సిమ్‌బ్రీఫ్ అనే ప్లానింగ్ వెబ్‌సైట్ ఇచ్చింది, 35,000 అడుగుల ఎత్తు మాత్రం నేనే నింపాను. కంట్రోలర్ ఎత్తును 34,000కు మార్చి, దారిలోని మొదటి రెండు వే పాయింట్ల (గుర్తు బిందువుల) బదులు వేరేవి చెప్పారు. తప్పు నాదా? వారు ఇష్టం వచ్చినట్టు మార్చవచ్చా? కాదనే హక్కు నాకు ఉందా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఎత్తు విషయంలో మార్పు సరైనదే. అందులో కంట్రోలర్ ఇష్టాయిష్టాలేమీ లేవు. ఎత్తును వందల అడుగుల్లో ‘లెవెల్’గా చెబుతారు: 350 అంటే 35,000 అడుగులు. బేసి, సరి అనేది వేల అంకెను బట్టి: 35 బేసి, 34 సరి. దిక్సూచిలో 0 నుంచి 179 డిగ్రీల వరకు, అంటే తూర్పు వైపు వెళ్లేవారికి బేసి లెవెళ్లు. 180 నుంచి 359 వరకు, పడమటి వైపు వెళ్లేవారికి సరి లెవెళ్లు. భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ దాదాపు 247 డిగ్రీల దిశలో ఉంది. కాబట్టి మీకు 340 లేదా 360 రావాలి. తిరుగు ప్రయాణంలో మీరు అడిగిన 350 నిక్షేపంగా దొరుకుతుంది. మా పర్లాకిమిడి మీదుగా పోయే నౌపడా–గుణుపూర్ రైలు మార్గం ఒంటి లైను. ఎదురు బండి రావాలంటే ఒకటి స్టేషనులో ఆగాలి. ఆకాశంలో ఆగడం కుదరదు గనుక, ఎదురెదురుగా వచ్చేవారిని ఎత్తులతో విడదీస్తారు. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య ఆ ఎడం వెయ్యి అడుగులే. మీ 350లో ఎదురుగా కోల్‌కతా వెళ్లే విమానం వస్తూ ఉండవచ్చు. మీ బరువుకు 360 ఎక్కగలిగితే అది అడగండి, వీలుంటే ఇస్తారు.

దారి సంగతి ఇంకొంచెం లోతైనది. నేను పగలు పర్లాకిమిడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను, రాత్రిపూట వాట్సిమ్‌లో టవర్ కంట్రోలర్‌గా కూర్చుంటాను. పైలట్‌కు కనిపించనివి ఆ కుర్చీలో కనిపిస్తాయి. మొదటిది గాలి. భువనేశ్వర్ ప్రధాన రన్‌వే 14/32. గాలి ఆగ్నేయం నుంచి వీస్తే 14 మీద, వాయవ్యం నుంచి అయితే 32 మీద లేపుతాం. రన్‌వే మారితే బయలుదేరే పద్ధతి, అంటే ‘సిడ్’, మారుతుంది. దానితోపాటే మొదటి వే పాయింట్లూ మారతాయి. మీరు మధ్యాహ్నం ప్లాన్ వేసుకుని రాత్రి ఎగరబోతే ఇది జరగవచ్చు.

రెండోది పక్క సెక్టారుతో, అంటే పక్క కంట్రోలర్ చూసే ఆకాశ భాగంతో, ఒప్పందం. బయటికి వెళ్లే విమానాలను ఏ పాయింట్ దగ్గర, ఏ ఎత్తులో అప్పగించాలో, లోపలికి వచ్చేవి ఎటునుంచి రావాలో కంట్రోలర్లు ముందే రాసుకుంటారు. సిమ్‌బ్రీఫ్ మంచి పనిముట్టే. కానీ ఈ రాత్రి ఏ రన్‌వే నడుస్తోందో, దిగడానికి ఎవరు వరుసలో ఉన్నారో చూసి దారి చెప్పగలిగేది కుర్చీలో ఉన్న మనిషే. ఈ ముక్క కొత్తవాళ్లందరికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది. దారి మార్చారంటే మిమ్మల్ని తప్పుపట్టారని కాదు. మీకు కనిపించని విమానాన్ని మీకోసం చూశారని అర్థం. ఆ మనిషి శిక్షణ పొంది, పరీక్ష రాసి, పైసా జీతం లేకుండా కూర్చున్నారు.

నేలను కూడా మరిచిపోకండి. మన గజపతి జిల్లా మహేంద్రగిరి 1,501 మీటర్లు, అంటే 4,900 అడుగుల పైమాటే. విశాఖ నుంచి చిన్న విమానంలో తీరం వెంబడి భువనేశ్వర్ వస్తూ 4,000 అడుగుల్లో లోపలికి తిరుగుతానంటే ఏ కంట్రోలరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు.

ఇక హక్కు. ఉంది. విమానానికి బాధ్యులు మీరే. చెప్పిన పాయింట్ మీ కంప్యూటర్‌లో లేకపోయినా, ఆ ఎత్తు ఎక్కలేకపోయినా ‘అనేబుల్’ (కుదరదు) అని, కారణం ఒక్క ముక్కలో చెప్పండి. వేరే దారి చూపిస్తారు. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది గనుక, పాత డేటా ఉన్నవారికి పాయింట్ దొరకకపోవడం మామూలే. సిమ్‌బ్రీఫ్ అలా ఇవ్వలేదంటూ వాదనకు మాత్రం దిగవద్దు. వెనక మరో ముగ్గురు క్లియరెన్స్ (ప్రయాణానికి అనుమతి) కోసం కాచుకుని ఉంటారు.

ఒక జాగ్రత్త. కంట్రోలర్ తన తెరమీద మీ ప్లాన్ దిద్దినంత మాత్రాన మీ విమానంలో దారిని నింపుకునే కంప్యూటర్, అంటే ఎఫ్‌ఎంసీలో ఏదీ మారదు. కాగితం మీద రాసుకోండి: గమ్యం, సిడ్, దారి, మొదటి ఎత్తు, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మిమ్మల్ని గుర్తించే నాలుగంకెల సంఖ్య). అంతా తిరిగి చదివి వినిపించండి. ‘రీడ్‌బ్యాక్ కరెక్ట్’ అన్నాక ఎఫ్‌ఎంసీలో మీ చేత్తో మార్చుకుని, తెరమీద గీత సరిగా వచ్చిందో లేదో చూసుకున్నాకే పుష్‌బ్యాక్ (విమానాన్ని వెనక్కి నెట్టడం) అడగండి. పాత దారి అలాగే ఉండిపోయి, లేచిన వెంటనే అటు తిరిగే విమానాలే మాకు అన్నిటికంటే ఎక్కువ కంగారు పుట్టిస్తాయి.

ప్రశ్న: మాది సిరోంచా. ఇక్కడ నెట్ అంతంతమాత్రం, నా దగ్గర మైకు లేదు. వాట్సిమ్‌లో ఎగరవచ్చా? చాలాసార్లు కంట్రోలరే కనిపించరు, అప్పుడు దారి ఎవరు ఇస్తారు? మా తమ్ముడికి పన్నెండేళ్లు, వాడూ చేరతానంటున్నాడు.
— ఒక పాఠకురాలు, గడ్చిరోలి జిల్లా

జవాబు: నిరభ్యంతరంగా ఎగరండి. ప్లాన్‌లో మాటల బదులు టెక్స్ట్ అని గుర్తు పెడితే కంట్రోలర్ క్లియరెన్స్‌ను రాతలోనే పంపుతారు, మీరూ రాసి బదులివ్వవచ్చు. మొదట్లో రద్దీ తక్కువగా ఉండే విమానాశ్రయాలు ఎంచుకోండి, రాయడానికి తీరిక దొరుకుతుంది.

అనుమతి ఇచ్చే క్లియరెన్స్ డెలివరీ కుర్చీలో ఎవరూ లేకపోతే గ్రౌండ్, అదీ లేకపోతే టవర్, ఆపైన విమానాశ్రయం చుట్టుపక్కల ఆకాశం చూసే అప్రోచ్, చివరికి దూరపు దారులు చూసే సెంటర్ ఆ పని చేస్తారు. కాబట్టి కింద ఎవరూ లేరని ఊరుకోకుండా పై వారిని వెతకండి. ఎవరూ లేకపోతే వేసుకున్న ప్లాన్ ప్రకారం మీరే వెళ్లండి. 122.800 రేడియో ఫ్రీక్వెన్సీ మీద ఎక్కడున్నారో, ఏం చేయబోతున్నారో చుట్టుపక్కల వారికి తెలియజేస్తూ ఉండాలి.

తమ్ముడిని మాత్రం పదమూడు నిండేదాకా ఆగమనండి, సభ్యత్వానికి కనీస వయసు అది. ఈలోగా మీ పక్కన కూర్చుని స్క్వాక్ కోడ్‌లు రాసిపెట్టమనండి. వాటిలో 8, 9 అంకెలు రావు. ఎందుకు రావో వాడినే కనిపెట్టమనండి.